పద్నాలుగో కిలోమీటరు, ఏడో ప్రశ్న

వైయాపాత,
ఏప్రిల్ 6

జిల్లా రోడ్ల ఆఫీసు, భద్రతా శిక్షణ విభాగం ఇంజనీరు ఎల్విరా ఒలార్తె గారికి,

వైయాపాత రోడ్డు ముఠా తొమ్మిదిమందిమీ కలిసి పద్దెనిమిది చేతులతో పెట్టే దండాలు అందుకోండి.

మీరు పంపిన సామాను సంత లారీలో క్షేమంగా చేరింది. హెల్మెట్లు తొమ్మిది, మెరిసే కోట్లు తొమ్మిది, ఈలలు రెండు, నారింజ రంగు కోన్లు పన్నెండు, శిక్షణ పుస్తకం ఒకటి. కోన్లలో ఇప్పుడు పదే ఉన్నాయి. అందంగా ఉన్నాయని రెండింటిని ఎవరో తీసుకెళ్ళి చర్చి గుమ్మానికి అటొకటి ఇటొకటి నిలబెట్టారు. ఇదేమిటని అడిగితే ఫాదర్ గారు, "దేవుడి ఇంటి ముందు ఏ ప్రమాదమూ లేదంటావా సెనోబియో?" అన్నారు. కోన్లు అక్కడే వదిలి వచ్చాను.

ఇక హెల్మెట్లు. ముఠాలో ఆడవాళ్ళు నలుగురూ టోపీ తీసేది లేదని కూర్చున్నారు. "పెళ్ళినాడు పెట్టుకున్న టోపీ ఇది. మొగుడు పోయిన రోజు కూడా తియ్యలేదు. మీ ఇంజనీరమ్మ కోసం తీస్తానా?" అంది సబీనా. అందుకని టోపీ మీదే హెల్మెట్ పెట్టి, దూడల్ని కట్టే తాడుతో గడ్డం కింద బిగించాం. దూరం నుంచి చూస్తే పుట్టగొడుగులు రోడ్డు తవ్వుతున్నట్టుంది గానీ ఊడిపోవడం మాత్రం లేదు.

మిగతా ఊళ్ళకి శిక్షణ ఇవ్వడానికి మనిషే వచ్చాడట. మాకు పుస్తకం వచ్చింది. సరే, మేం కొండ చివరివాళ్ళం, అలవాటే. పుస్తకం మొత్తం నేనే పైకి చదివాను. ఇద్దరు నిద్రపోయారు. లేపి మళ్ళీ మొదటినుంచీ చదివాను, ఈసారి నలుగురు నిద్రపోయారు.

ఫారం నింపి దీనితో పంపుతున్నాను. జూన్ నెలాఖరులోగా తొమ్మిదిమందికీ సర్టిఫికెట్లు రాకపోతే మా పద్దెనిమిది కిలోమీటర్ల పని లాక్కుని లోయలో కంపెనీకి ఇచ్చేస్తారని విన్నాం. ఈ రోడ్డు మా పెద్దవాళ్ళు గునపాలతో తొలిచిన రోడ్డు. ఏ మలుపులో ఏ రాయి వదులుగా ఉందో మాకు తెలిసినట్టు కంపెనీకి తెలియదు. దయ ఉంచండి.

ఇట్లు, చేతిలో పార పక్కన పెట్టి రాసిన
సెనోబియో కోరిమాన్య, మేస్త్రి

తా.క.: ఏడో ప్రశ్న దగ్గర కాగితం వానకి తడిసింది. అందుకే అక్కడ ఖాళీగా ఉంది.

*

జిల్లా రోడ్ల ఆఫీసు,
ఏప్రిల్ 17

మేస్త్రి సెనోబియో గారికి,

మీ పద్దెనిమిది చేతులకీ నా రెండు చేతులతో నమస్కారం.

ఫారం చూశాను. ఆరు ప్రశ్నలకి బాగా రాశారు. ఏడో దగ్గర కాగితం తడిసిందన్నారు. సరిగ్గా దాని కిందే, అదే కాగితం మీద, ఎనిమిదో ప్రశ్నకి ముత్యాల్లాంటి అక్షరాలతో పదకొండు వాక్యాలు రాశారు. వాన చాలా చూసి చూసి కురిసినట్టుంది.

ఏడో ప్రశ్న మళ్ళీ రాస్తున్నాను: "మీ రోడ్డు మీద పని చేస్తుండగా జరిగిన ఒక ప్రమాదం గురించి రాయండి. ఎవరు ఎక్కడ ఉన్నారు? ఎందుకు జరిగింది? మళ్ళీ జరగకుండా ఏం చేస్తారు?" మీ ఫైల్లో పదకొండేళ్ళ కిందటి రిపోర్టు ఒకటి ఉంది. పద్నాలుగో కిలోమీటరు దగ్గర రాయి పడి ఒకరి కాలు పోయింది. కారణం అన్నచోట "రాయి తనంతట తానే వచ్చెను" అని రాసి ఉంది. అంతకంటే కొంచెం ఎక్కువ కావాలి. తొమ్మిది ప్రశ్నలూ పూర్తయితే తొమ్మిది సర్టిఫికెట్లూ నేనే సంతకం పెట్టి పంపుతాను.

ఇట్లు, మీ రోడ్డు మీ దగ్గరే ఉండాలని కోరే
ఎల్విరా ఒలార్తె

తా.క.: టోపీ మీద హెల్మెట్ పెడితే లాభం లేదు. హెల్మెట్ నేరుగా తల మీదే ఉండాలి.

*

వైయాపాత,
ఏప్రిల్ 28

ఇంజనీరమ్మ గారికి, ముఠా అందరి తరఫునా, ముఖ్యంగా తలల తరఫునా, దండాలు.

ఎందుకు జరిగిందని అడిగారు కదా, చెబుతున్నాను. కొండకి కోపం వచ్చింది. అంతకు ముందు ఆగస్టులో మా యానవోర్కో కొండదేవరకి పెట్టాల్సింది సరిగ్గా పెట్టలేదు. లామా కొవ్వు తగ్గింది, కోకా ఆకుల్లో చిరిగినవి కలిశాయి. మా ఊళ్ళో కొండతో మాట్లాడే పెద్దాయన అనాక్లెతో అప్పుడే తిట్టాడు: "చిరిగిన ఆకు మీ అత్త చేతిలో పెడతారా? చీపురు తిరగేస్తుంది. మరి కొండ చేతిలో ఎట్టా పెట్టార్రా?" ఐదు నెలలు ఓర్చుకుని కొండ రాయి విసిరింది.

ఎవరు ఎక్కడ ఉన్నారన్నారు. కొండ పైన ఉంది, మనిషి కింద ఉన్నాడు.

మళ్ళీ జరగకుండా ఏం చేస్తామంటే, మంచి ఆకులు పెడతాం. దీనితో ఏడో ప్రశ్న అయిపోయిందని అనుకుంటున్నాను.

ఇట్లు, విధేయుడైన
సెనోబియో

తా.క.: మీరు చెప్పినట్టే హెల్మెట్ నేరుగా తల మీద పెట్టించాను. దాని మీద టోపీ పెట్టారు.

*

జిల్లా రోడ్ల ఆఫీసు,
మే 8

సెనోబియో గారికి,

నమస్కారంతో పాటు క్షమాపణ కూడా ముందే చెప్పుకుంటున్నాను.

మా పెద్ద ఇంజనీరు గారు సముద్రం పక్కన పుట్టి పెరిగినాయన. కొండల్లోకి వచ్చి మూడు నెలలు కాలేదు, ఇంకా ఎత్తుకి తల తిరుగుతోందంటారు. నా బల్ల మీద నుంచి మీ ఉత్తరం తీసి చదివి, ప్రమాదాల పట్టికలో ఇలా ఎక్కించారు: "అపాయం: కొండ అసంతృప్తి. నివారణ చర్య: లేదు." ఎక్కించాక కొట్టేయడానికి ఆ పట్టికలో వీల్లేదు. ఇప్పుడు నివారణ చర్య చూపిస్తే తప్ప మీ ఫైలు ముందుకి కదలదు. కొండని సంతృప్తిగా ఉంచే బాధ్యత ఎవరిదో పేరు, గుర్తింపు కార్డు నంబరు, సంతకం పంపండి. మూడు నెలలకోసారి కొండ సంతృప్తి కొలిచి రాయాలట. దేనితో కొలవాలని అడిగితే, "అది స్థానికులకే తెలియాలి" అన్నారు.

ఇక నా మాట. కొండకి నిజంగానే కోపం వచ్చి ఉండవచ్చు. ఆగస్టులో కొండకి పెట్టకుండా మా అమ్మమ్మ కూడా ముద్ద మింగేది కాదు. కానీ కోపంలో ఉన్నవాళ్ళ కింద పని చేసేటప్పుడు ఎవరో ఒకరు వాళ్ళ మొహం వంక చూస్తూ ఉండాలి కదా? పై నుంచి రాయి కదిలితే ఈల వేయడానికి ప్రతి ముఠాలోనూ ఒకరిని కాపలా పెడతారు. ఆ రోజు పైన కాపలా ఎవరు?

ఇట్లు,
ఎల్విరా

తా.క.: చర్చి ముందు కోన్లు వెనక్కి తీసుకోండి. లెక్క ప్రకారం అవి రోడ్డు మీద ఉండాలి.

*

వైయాపాత,
మే 16

ఇంజనీరమ్మ గారికి,

దండాలు. కొండ కూడా అడిగినట్టు చెప్పమంది.

బాధ్యుడిగా అనాక్లెతో పేరు, నంబరు, వేలిముద్ర పంపుతున్నాను. పంపానే గానీ ఆయనతో ఇప్పుడు వేగలేకపోతున్నాం. తాను ప్రభుత్వ మనిషినంటున్నాడు. నా కోటు లాక్కుని అది వేసుకునే బాప్తిజం విందుకి వెళ్ళాడు. దీపం వెలుగులో ఆయన ఒక్కడే మెరుస్తుంటే పసివాణ్ణి ఎవరూ చూడలేదట. బిడ్డ తల్లి ఆయనతో ఇంకా మాట్లాడటం లేదు.

మీరు చెప్పినట్టు కొలత కూడా వేయించాను. పైకి వెళ్ళి ఆకులు పరిచి, చాలాసేపు చూసి, "సుమారు సంతృప్తి" అన్నాడు. "సుమారు అంటే ఎంత? అక్కడ పట్టికలో రాయాలి," అన్నాను. "నీ పెళ్ళాం నీతో ఎంత సంతృప్తిగా ఉందో అంత," అన్నాడు. అదే రాసుకోండి.

కాపలా సంగతి అడిగారు. బాగా ఆలోచిస్తే ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ రాయిని తన్నింది విస్కాచ. తెలుసుగా, రాళ్ళ సందుల్లో కుందేలులా గెంతే జీవి, పొడుగు తోక. దాని అలవాటే అంత. పైగా ఆ రోజు పొగమంచు. చెయ్యి చాస్తే చెయ్యి కనపడనంత మంచు. కాపలావాడు ఉన్నాడో లేడో ఆ మంచులో ఎవరికి కనిపిస్తుంది? కాబట్టి ఎవరని రాయను?

ఇట్లు,
సెనోబియో

తా.క.: కోన్లకి ఫాదర్ గారు తీర్థం చల్లేశారు. తీర్థం పడ్డ వస్తువుని లారీల కింద ఎలా పెడతావని అడుగుతున్నారు.

*

జిల్లా రోడ్ల ఆఫీసు,
మే 27

సెనోబియో గారికి,

ఈ ఉత్తరం వెంట మూడు ఇనప బోర్డులు వస్తున్నాయి. "విస్కాచలతో జాగ్రత్త" అని రాసి ఉంటుంది. నేను ఆపడానికి ప్రయత్నించాను. పెద్ద ఇంజనీరు గారు సంతకం పెట్టేశారు. బొమ్మ వేసినాయన ఎప్పుడూ విస్కాచని చూడలేదు కాబట్టి అది గాడిదలా వచ్చింది.

వాతావరణ కేంద్రం నుంచి ఆనాటి రికార్డు తెప్పించాను. ముందు రెండు రాత్రులు వాన. ఆ రోజు పొద్దుటి నుంచీ ఎండ. మంచు లేదు.

మేస్త్రి గారూ, మీ ఉత్తరాల్లో కొండ పేరుంది, అనాక్లెతో పేరుంది, సబీనా టోపీ చరిత్ర ఉంది. కాలు పోయిన మనిషి పేరు మాత్రం ఒక్కసారి కూడా లేదు. మీరు మర్చిపోయే మనిషి కాదని మీ చేతిరాత చూస్తే తెలుస్తోంది. శిక్ష వేయడానికి అడగటం లేదు. జూన్ నెలాఖరు దగ్గరికి వచ్చేసింది. మీ రోడ్డు పోవడం నాకు ఇష్టం లేదు. ఏం జరిగిందో రాయండి, చాలు.

మీ జవాబు కోసం చూస్తుండే
ఎల్విరా

తా.క.: సబీనా గారికి చెప్పండి, హెల్మెట్ మీద టోపీ పెట్టుకోకూడదని పుస్తకంలో ఎక్కడా లేదు. వెతికాను.

*

వైయాపాత,
జూన్ 5

ఎల్విరా గారికి,

అతని పేరు ఫోర్తునాతో విల్కా. మా అక్క దొమితిలా మొగుడు. నాకు బావ. నాకు పార పట్టడం నేర్పింది ఆయనే.

పైన కాపలా నేను. ఈల నా మెడలోనే ఉంది.

ఆ ఏడు మేరీమాత పండుగ జరిపించే వంతు నాకు వచ్చింది. మా దగ్గర పద్ధతి మీకు తెలుసు. వంతు వచ్చినవాడు బ్యాండువాళ్ళకి ఊరి పొలిమేరలో స్వయంగా ఎదురెళ్ళి, మొదటి గిన్నె మొక్కజొన్న కల్లు తన చేత్తో ఇచ్చి పిలుచుకు రావాలి. ఎదురెళ్ళలేదంటే బతికున్నన్నాళ్ళూ ఆ మాట పోదు. పిల్లల పెళ్ళిళ్ళలో కూడా తీస్తారు. సాయంత్రం రావాల్సిన బ్యాండు పొద్దున పదకొండింటికే దిగింది. మలుపు అవతల డోలు వినపడింది. కింద కాలవలో బావ మట్టి తీస్తున్నాడు. కిందికి దిగి చెబుదామంటే మళ్ళీ చుట్టూ తిరిగి రావాలి, ఆలస్యమవుతుంది. పావుగంటే కదా అనుకుని అటు పక్కనుంచి పరుగెత్తాను.

కల్లు గిన్నె బాకా ఊదేవాడి చేతిలో పెడుతుండగా వెనక పెద్ద చప్పుడైంది. ఊళ్ళో మమ్మల్ని చూసి టపాకాయ పేల్చారనుకుని బ్యాండువాళ్ళు ఇంకా గట్టిగా వాయించారు. అది టపాకాయ కాదని నాకు తెలుసు. గిన్నె వదిలేసి వెనక్కి పరుగెత్తాను.

బావ కాలు రాయి కింద ఉంది. అరవలేదు, తిట్టలేదు. నా వంక చూసి, "బ్యాండు వచ్చిందా?" అన్నాడు. ఒక్క మాట, అంతే. దానికంటే గునపంతో పొడిచినా బాగుండేది. ఈ పదకొండేళ్ళలో ఎక్కడ బాకా వినపడినా నాకు ఆ మాటే వినిపిస్తుంది. అప్పటి నుంచీ నేను పండక్కి వెళ్ళలేదు, ఈల ముట్టుకోలేదు.

ఆఫీసు నుంచి మనిషి వచ్చి అడిగితే రాయి తనంతట తానే వచ్చిందని చెప్పాను. ఆసుపత్రిలో బావ కూడా అదే చెప్పాడట. నన్ను కాపాడాలని అన్నాడో, నా పేరు నోటితో పలకడం ఇష్టంలేక అన్నాడో తెలియదు. తర్వాత అక్కనీ తీసుకుని మీ పట్నానికి వచ్చేశాడు. రెండేళ్ళ కిందట అక్క పోయింది. కబురు తెలిసి వచ్చాను. వాళ్ళ వీధి మూల దాకా వచ్చాను. గుమ్మంలో అతను ఎదురైతే ఏమనాలో తెలియక, మూలన రొట్టెల కొట్టు దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడి, తిరిగి లారీ ఎక్కేశాను. మా అక్క మీద ఒక గుప్పెడు మట్టి వేయలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా, ఇంతకంటే ఎలా రాయాలో నాకు రాదు.

సర్టిఫికెట్లు ఎనిమిది ఇవ్వండి. నా పేరు కొట్టేయండి. మేస్త్రిగా సబీనా ఉంటుంది, నాకంటే గట్టిగా అరుస్తుంది. తొమ్మిదో మనిషిని ఊళ్ళో చూసుకుంటాం. రోడ్డు మాత్రం వాళ్ళ చేతుల్లోంచి తీయకండి, వాళ్ళు ఏ తప్పూ చేయలేదు.

ఇట్లు,
సెనోబియో

తా.క.: బోర్డులు చేరాయి. విస్కాచ నిర్దోషి. దాని మీద నింద వేసింది నేను. గాడిదకి కూడా సంబంధం లేదు.

*

జిల్లా రోడ్ల ఆఫీసు,
జూన్ 14

ఒరే బామ్మర్దీ,

ఇంజనీరమ్మకి రాస్తే వీడు జవాబిస్తున్నాడేమిట్రా అని కంగారు పడకు. కూర్చుని చదువు.

ఈ విభాగంలో శిక్షణ ఇచ్చే మనిషిని నేనేరా. ఆరేళ్ళయింది. ఊరూరా తిరిగి ముఠాల ముందు నిలబడి, ప్యాంటు మోకాలి దాకా మడిచి చెక్క కాలు చూపిస్తాను. నీ చదువుకి నిద్రపోయినట్టు నా దగ్గర ఎవరూ నిద్రపోరు. ముప్పై ఒక్క ఊళ్ళు తిరిగాను. వైయాపాత వెళ్ళమనేసరికి మాత్రం కాలు నొప్పి పుట్టేది. ఉన్న కాలు కాదు, లేని కాలు. అందుకే మీకు పుస్తకం వచ్చింది.

ఇంకో సంగతి. ఆ ఏడో ప్రశ్న ఇంజనీరమ్మది కాదు, నాది. మిగతా ఊళ్ళ ఫారాల్లో ఏడో ప్రశ్న సబ్బుతో చేతులు కడుక్కోవడం గురించి. మీ ఒక్క ఊరి ఫారంలో దాన్ని తీయించి ఇది పెట్టమని ఆవిణ్ణి వారం రోజులు బతిమాలాను. నాతో ఎలాగూ చెప్పవు, కనీసం ఫారంతోనైనా చెబుతావని. నీ ఉత్తరాలన్నీ ఆవిడ నాకు చదివి వినిపించింది. విస్కాచ దగ్గర పొట్ట పట్టుకుని నవ్వాను. చివరి ఉత్తరం సగంలో నేనే ఆపమన్నాను. తర్వాత తీసుకెళ్ళి ఇంట్లో ఒక్కణ్ణే చదువుకున్నాను.

ఇప్పుడు నా జవాబు విను. బ్యాండు నాకు వినపడలేదనుకున్నావా? దెబ్బ తగిలింది కాలికిరా, చెవులకి కాదు. డోలు మీద మొదటి దెబ్బ పడగానే నువ్వు పరుగెత్తి ఉంటావని నాకు తెలుసు. నీ చోట నేనున్నా పరుగెత్తేవాణ్ణి. మన పద్ధతి ఏమిటి? కింద పార వేసే ముందు పైకి చూసి "ఉన్నావా?" అని పిలవాలి. "ఉన్నా" అని జవాబొస్తేనే వెయ్యాలి. ఆ పద్ధతి నీకు నేర్పిందే నేను. ఆ రోజు నేను పిలవలేదు. ఇంకో మూడు మీటర్ల కాలవ మిగిలింది, అది ముగిస్తే నేనూ బ్యాండు దగ్గరికి పోవచ్చు. పిలిస్తే జవాబు రాదు. జవాబు రాకపోతే పని ఆపి కూర్చోవాలి. అందుకని తెలిసి తెలిసీ నోరు మూసుకుని పార వేశాను.

"బ్యాండు వచ్చిందా" అన్నది నిన్ను ఎత్తిపొడవడానికి కాదురా. నువ్వు వెళ్ళావని నాకు తెలుసు, తెలిసే పార ఆపలేదు అని చెప్పబోయాను. అంతవరకే నోరు పెగిలింది. ఆసుపత్రిలో చెప్పి ఉండాల్సింది. అక్కడ సిగ్గేసింది. రోడ్డు పని నేర్పేవాడు పద్ధతి తప్పాడంటే నవ్వుతారని, రాయి తనంతట తానే వచ్చిందన్నాను. ముప్పై ఒక్క ఊళ్ళలో కాలు చూపించాను గానీ ఈ మాట ఒక్క ఊళ్ళోనూ చెప్పలేదు. సగం తప్పు నాది. మొత్తం నీ నెత్తిన పెట్టి పదకొండేళ్ళు ఊరుకున్నాను.

"వాడికి మనమంటే ఏం కోపం? ఎందుకు రాడు?" అని మీ అక్క అడిగేది. ఏమో అనేవాణ్ణి. దానికి ఒక్కసారి నిజం చెప్పి ఉంటే తనే మీ ఊరొచ్చి నిన్ను చెవి పట్టుకుని లాక్కొచ్చేది. మంచాన పడ్డాక కూడా అడిగింది. అప్పుడూ చెప్పలేదు. కాలు పోయినందుకు ఎప్పుడో ఏడవడం మానేశాను బామ్మర్దీ. దీనికి మానలేకపోతున్నాను. ఆ రోజు నువ్వు రొట్టెల కొట్టు దాకా వచ్చావని ఈ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. తెలిస్తే ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి లోపలికి లాక్కుపోయేవాణ్ణి. నేను పొద్దుటి నుంచీ గుమ్మం వంకే చూస్తూ కూర్చున్నాను.

సర్టిఫికెట్లు తొమ్మిదీ సిద్ధంగా ఉన్నాయి. ఎనిమిదీ కాదు, ఏడూ కాదు. ఎల్విరా గారు సంతకం పెట్టారు, ముద్ర కూడా పడింది. శిక్షణ మనిషి చేతుల మీదుగా ఇవ్వాలన్నది ఒక్కటే నియమం. గురువారం సంత లారీలో వస్తున్నాను. పద్నాలుగో కిలోమీటరు దగ్గర దిగుతాను. ముఠాని అక్కడికి తీసుకురా. నువ్వు ఎక్కడికి పోయావో నువ్వు చెప్పు, నేనెందుకు పిలవలేదో నేను చెబుతాను. ఆ తర్వాత తిరుగు లారీలో నాతో పట్నం రా. రెండేళ్ళు ఆలస్యమైంది, అయినా మీ అక్క దగ్గరికి ఇద్దరం కలిసి వెళదాం.

ఇట్లు,
నీ బావ ఫోర్తునాతో

తా.క.: నన్ను తీసుకురావడానికి మలుపు దాకా ఎదురు రాకు. నీ మర్యాదలు నాకు తెలుసు, అయినా వద్దు. పైన నీ చోట నువ్వు నిలబడు. కింద నుంచి నేను పిలుస్తాను, జవాబు చెప్పు.